రీసైకిల్డ్ రెయిన్ జాకెట్లు, ఫ్లీసులు, ట్రెక్కింగ్ బట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండలెక్కేవాళ్ళు, వానలో సైకిల్ తొక్కేవాళ్ళు, చలిలో తెల్లవారుజామునే నడకకి బయల్దేరేవాళ్ళు రీసైకిల్డ్ బట్టల గురించి పదే పదే అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. వాన పూతల సంగతికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

ప్లాస్టిక్ బాటిల్ జాకెట్‌గా ఎలా మారుతుంది?

నీళ్ళ బాటిల్, పాలిస్టర్ చొక్కా రెండూ ఒకే పదార్థం. దాని పేరు పెట్. అచ్చులో పెట్టి ఊదితే బాటిల్ అవుతుంది, సన్నటి రంధ్రాల్లోంచి లాగితే దారం అవుతుంది.

పాత బాటిళ్ళని ముందు రంగులవారీగా ఏరతారు. మూతలు, లేబుళ్ళు వేరే ప్లాస్టిక్ కాబట్టి వాటిని వదిలించుకోవాలి. దీనికో సులువైన ఉపాయం ఉంది. అన్నింటినీ కలిపి ముక్కలు చేసి నీళ్ళలో పోస్తే పెట్ ముక్కలు మునుగుతాయి, మూతల ముక్కలు తేలుతాయి. మునిగిన వాటిని వేడి నీళ్ళతో కడిగి, బాగా ఆరబెడతారు. ఈ ఆరబెట్టడం చాలా ముఖ్యం. తడి మిగిలితే కరిగించేటప్పుడు ప్లాస్టిక్ అణువుల గొలుసులు తెగిపోయి దారం బలహీనమవుతుంది. ఆ తర్వాత 260 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి గింజలు చేస్తారు, ఆ గింజల్ని మళ్ళీ కరిగించి జల్లెడలాంటి పళ్ళెంలోంచి నొక్కి పోగులు తీస్తారు. ఫ్లీస్ కావాలంటే ఆ దారంతో బట్ట అల్లి, తీగ బ్రష్‌లతో గీకి నూగు లేపుతారు. మనం వేళ్ళతో నిమిరేది ఆ నూగునే.

ఔట్‌డోర్ బట్టల్లో దీన్ని మొదట చేసింది పటగోనియా అనే అమెరికా బట్టల కంపెనీ, 1993లో. అప్పట్లో ఒక జాకెట్‌కి సుమారు 25 బాటిళ్ళు పడతాయని వాళ్ళు లెక్క చెప్పారు.

రీసైకిల్డ్ పాలిస్టర్ తొందరగా చిరుగుతుందా?

లేదు. బాటిల్‌కి వాడే పెట్ నిజానికి దారానికి వాడే దానికంటే గట్టి రకం. కరిగించేటప్పుడు కొంత బలం తగ్గినా దారానికి సరిపడా మిగులుతుంది. రెండు ఫ్లీసులు పక్కపక్కన పెట్టి ఏది కొత్త ప్లాస్టిక్‌తో చేసిందో, ఏది పాతదానితో చేసిందో చెప్పమంటే చేత్తో తాకి చెప్పడం నావల్ల కాదు. చిరుగుడు, నూగు ఉండలు కట్టడం లాంటివి దారం మందం మీద, అల్లిక మీద, కుట్టు మీద ఆధారపడతాయి. చౌకబారు ఫ్లీస్ ఏ ప్లాస్టిక్‌తో చేసినా రెండు సీజన్లకే ఉండలు కడుతుంది.

మరి నైలాన్? చేపల వలలతో చేస్తారని విన్నాను.

విన్నది నిజమే. రాళ్ళకి రాసుకున్నా తట్టుకునే పై పొరలకి, బ్యాగులకి పాలిస్టర్ కంటే నైలాన్ మేలు. అందులో నైలాన్ 6 అనే రకాన్ని రసాయనికంగా విడగొట్టి, అది పుట్టిన మూల పదార్థం కాప్రోలాక్టమ్ దాకా వెనక్కి తీసుకెళ్ళొచ్చు. అక్కణ్ణుంచి మళ్ళీ నైలాన్ చేస్తే అది కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ కంపెనీ 2011 నుంచి ఎకోనిల్ పేరుతో ఇదే చేస్తోంది. పాత వలలు, పాత కార్పెట్లు, ఫ్యాక్టరీల్లో మిగిలిన నైలాన్ ముక్కలు దానికి ముడిసరుకు.

ప్రకటనల్లో కనిపించే మాటలతో మాత్రం కాస్త జాగ్రత్త. "ఓషన్ బౌండ్ ప్లాస్టిక్" అంటే సముద్రంలోంచి తీసినది అనుకుంటాం. సాధారణంగా ఆ మాటకి అర్థం తీరానికి 50 కిలోమీటర్ల లోపల నేల మీద ఏరినది అని. అది మంచి పనే, కాదనను. కానీ ప్రకటనలో తాబేలు బొమ్మ వేస్తే మన మనసు ఇంకెక్కడికో పోతుంది.

ట్యాగ్ మీద "రీసైకిల్డ్" అని ఉంటే జాకెట్ మొత్తం రీసైకిల్డేనా?

చాలాసార్లు కాదు. జాకెట్‌కి రెండు చీటీలుంటాయి. బయట దారంతో వేలాడే అట్ట ట్యాగ్ అమ్మడానికి, లోపల పక్క కుట్టులో దాక్కున్న తెల్ల చీటీ చదవడానికి. లోపలిది తిప్పి చూడండి. నా అల్మారాలో ఉన్న ఒక చలి జాకెట్ చీటీలో ఇలా ఉంది: షెల్ (అంటే బయటి బట్ట) 100 శాతం రీసైకిల్డ్ నైలాన్, లైనింగ్ 100 శాతం నైలాన్, ఫిల్లింగ్ 60 శాతం రీసైకిల్డ్ పాలిస్టర్, 40 శాతం పాలిస్టర్. బయటి అట్ట మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఉన్నది మాత్రం ఒక్కటే మాట, "రీసైకిల్డ్". అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. లైనింగ్ దగ్గర ఆ మాట మాయమైంది చూడండి.

పూతలు, లోపలి పొర, కుట్ల మీది టేపు, బటన్లు సాధారణంగా ఈ శాతాల్లోకి రావు. జిప్పుల సంగతి కొంత నయం. వైకేకే కంపెనీ నాటులాన్ పేరుతో రీసైకిల్డ్ జిప్పులు 1994 నుంచే చేస్తోంది.

ఇంకో తేడా కూడా తెలిసుండాలి. జనం వాడి పారేసిన దాంతో చేసింది వేరు, ఫ్యాక్టరీలో కత్తిరించగా మిగిలిన తుక్కుతో చేసింది వేరు. రెండింటినీ రీసైకిల్డ్ అనే అంటారు. మొదటిది చెత్తకుప్పకి పోయేదాన్ని ఆపుతుంది. రెండోది ఫ్యాక్టరీలు ఎటూ చేసుకునే పొదుపు.

ఏ ముద్రలు నమ్మొచ్చు?

ముద్ర ఏం చెబుతోందో తెలిస్తే నమ్మడం, నమ్మకపోవడం మీ చేతిలో ఉంటుంది. గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, అంటే జీఆర్ఎస్ ముద్ర వస్తువు మీద ఉందంటే అందులో కనీసం 50 శాతం రీసైకిల్డ్ సరుకుంది అని అర్థం. దారం నుంచి కుట్టు దాకా ప్రతి చేతిమార్పిడికీ కాగితాలుంటాయి, రసాయనాలకీ కూలీల పరిస్థితులకీ కొన్ని షరతులుంటాయి. దాని చెల్లెలులాంటి రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్‌కి 5 శాతం ఉన్నా చాలు. అందుకే ఆ ముద్ర చూస్తే పక్కన అంకె ఎంతుందో వెతకండి.

బ్లూసైన్ అనేది బట్ట తయారీలో వాడే రసాయనాలకి సంబంధించింది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 పూర్తయిన బట్టలో ఒంటికి హాని చేసేవి ఉన్నాయా అని పరీక్షించేది. రీసైక్లింగ్‌తో దానికి సంబంధమే లేదు, అయినా ఆకుపచ్చ ముద్రల వరసలో అదీ నిలబడుతుంది.

"ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్", "భూమికి మేలు" లాంటివి ముద్రలు కావు, వట్టి మాటలు. ఆధారం చూపకుండా ఇలాంటి మాటలతో అమ్మడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. ఆ నిబంధన అమలు తేదీ 2026 సెప్టెంబర్ 27.

బాటిల్‌ని మళ్ళీ బాటిల్‌గా చేస్తేనే మేలు కదా?

ఈ ప్రశ్నకి బట్టల కంపెనీలు ఇబ్బందిగా కదులుతాయి. బాటిల్‌ని బాటిల్‌గా చేస్తే దాన్ని మళ్ళీ ఏరి, మళ్ళీ కరిగించి, ఇంకో బాటిల్ చేయొచ్చు. జాకెట్ చేస్తే ఆ ప్లాస్టిక్ ప్రయాణం దాదాపు అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే పాత జాకెట్లలోంచి కొత్త జాకెట్లు రావడం ఇంకా చాలా తక్కువ.

టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో తయారైన నూలు, దారం, పోగులన్నీ కలిపి 12.4 కోట్ల టన్నులు. అందులో సుమారు 57 శాతం పాలిస్టరే. ఆ పాలిస్టర్‌లో రీసైకిల్డ్ వాటా 12.5 శాతం, అంతకుముందు ఏడాది కంటే కాస్త తగ్గింది కూడా. ఈ రీసైకిల్డ్ పాలిస్టర్ దాదాపు మొత్తం బాటిళ్ళ నుంచి వచ్చిందే. బట్టల నుంచి బట్టలకి వచ్చింది ఒక శాతం కూడా లేదు.

అలాగని రీసైకిల్డ్ ఫ్లీస్ దండగేమీ కాదు. కొత్త పాలిస్టర్ ముడి చమురు నుంచి మొదలవుతుంది. ఉన్న ప్లాస్టిక్‌ని కరిగించి వాడితే ఆ ముందు దశల ఖర్చు, పొగ తప్పుతాయి. కాకపోతే "ఈ జాకెట్ కొని 25 బాటిళ్ళని కాపాడాను" అనుకుని మురిసిపోవాల్సినంత లేదు. మీరు కొనకపోతే ఆ బాటిళ్ళు ఇంకో బాటిల్ ఫ్యాక్టరీకి పోయేవేమో.

పాత జాకెట్లని కొత్త జాకెట్లుగా ఎందుకు చేయలేకపోతున్నారు?

ఒక మామూలు రెయిన్ జాకెట్‌ని విప్పి చూస్తే కారణం తెలుస్తుంది. బయట నైలాన్, మధ్యలో వేరే పదార్థంతో చేసిన పలచటి పొర, లోపల పాలిస్టర్ జాలీ, ఈ మూడింటినీ కలిపి పట్టుకున్న జిగురు. కుట్ల మీద టేపు. చేతుల అంచుకి సాగే ఎలాస్టేన్, వెల్క్రో. జిప్పులో లోహం. వీటన్నింటినీ దేనికది విడదీయాలి, అదీ రంగులు వేసిన బట్టలోంచి. వండిన పులిహోరలోంచి పోపుగింజలు ఏరినట్టే.

కరిగించే పద్ధతి దీనికి పనికిరాదు. రసాయనికంగా విడగొట్టి శుభ్రం చేసే పద్ధతులు ఉన్నాయి, జపాన్‌కి చెందిన టేజిన్ లాంటి కంపెనీలు పాలిస్టర్ విషయంలో ఏనాడో చేసి చూపించాయి. అయితే ఆ పద్ధతికి కూడా శుభ్రమైన, ఒకే రకం సరుకు అందితేనే గిట్టుబాటు. అందుకే ఈ మధ్య కొన్ని కంపెనీలు బట్ట, పొర, దారం అన్నీ ఒకే పదార్థంతో కుడుతున్నాయి. కొనేటప్పుడు చీటీలో ఎన్ని పేర్లు తక్కువుంటే అంత మంచిదని నేను చూసుకుంటాను.

ఫ్లీస్ ఉతికితే ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయంటారు. రీసైకిల్డ్ అయితే ఆ బాధ తప్పుతుందా?

తప్పదు. కంటికి కనిపించనంత సన్నటి పోగులు ఊడటం పాలిస్టర్ బట్టకి సహజం, అది కొత్తదైనా రీసైకిల్డ్ అయినా. నూగు లేపిన బట్ట కాబట్టి ఫ్లీస్‌లో ఎక్కువ. మొదటి కొన్ని ఉతుకులప్పుడు మరీ ఎక్కువ.

తగ్గించుకునే దారులున్నాయి. అసలు ముందు తక్కువసార్లు ఉతకండి. ఫ్లీస్‌ని ఒక్క నడకకి వేసుకుంటే ఉతకాల్సిన పని లేదు, గాలికి ఆరేస్తే చాలు. ఉతికినప్పుడు చల్లని నీళ్ళు, చిన్న సైకిల్, మెషిన్ నిండుగా. సగం ఖాళీగా ఉంటే బట్టలు ఎక్కువ ఎగిరి ఒకదానికొకటి రాసుకుంటాయి. పోగుల్ని పట్టే సన్నటి జాలీ సంచులు దొరుకుతాయి, అందులో వేసి ఉతకొచ్చు. సంచి మూలల్లో చేరిన బూడిద రంగు నూగుని చేత్తో తీసి చెత్తబుట్టలో వేయండి. సింక్‌లో కడిగేస్తే పడ్డ శ్రమంతా నీళ్ళపాలే.

వాన జాకెట్ పూతల్లో విషం ఉంటుందన్న మాట ఎంతవరకు నిజం?

కొత్త రెయిన్ జాకెట్ మీద నీళ్ళు చల్లితే తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. అది బట్ట గొప్పతనం కాదు, దానిమీది పూత పని. దశాబ్దాలపాటు ఆ పూతకి ఫ్లోరిన్ ఉన్న రసాయనాలు వాడారు. వీటన్నింటినీ కలిపి పీఫాస్ అంటారు. ఫ్లోరిన్, కార్బన్ మధ్య బంధం చాలా గట్టిది. అందుకే ఆ పూత నీళ్ళనీ నూనెనీ కూడా దగ్గరికి రానివ్వదు. అందుకే ప్రకృతిలో ఓ పట్టాన విరిగిపోదు కూడా. "ఫరెవర్ కెమికల్స్" అనే పేరు అలా వచ్చింది.

మొదట వాడినవాటిలో 8 కార్బన్ల గొలుసు ఉండేది. వాటికి సంబంధించిన పీఎఫ్ఓఎస్‌ని 2009లో, పీఎఫ్ఓఏని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. ఏళ్ళ తరబడి విరగని హానికర రసాయనాలని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం అది. ఈలోగా కంపెనీలు 6 కార్బన్ల గొలుసుకి మారాయి. పేరు మారింది గానీ జాతి అదే. ఇప్పుడు చట్టాలు మొత్తం కుటుంబం మీదే పడుతున్నాయి. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి పీఫాస్ కలిపిన బట్టల అమ్మకాన్ని నిషేధించి, తీవ్రమైన వానలో వాడే ప్రత్యేక దుస్తులకి మాత్రం 2028 దాకా గడువిచ్చింది. ఫ్రాన్స్‌లో 2026 జనవరి నుంచి నిషేధం.

పూత ఒకటైతే, నీళ్ళని ఆపి చెమట ఆవిరిని బయటికి వదిలే లోపలి పొర ఇంకొకటి. గోర్-టెక్స్ అనగానే గుర్తొచ్చే పొర 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన, సాగదీసిన టెఫ్లాన్ జాతి పదార్థం. అందులోనూ ఫ్లోరినే. గోర్-టెక్స్ చేసే గోర్ కంపెనీ 2022లో ఫ్లోరిన్ లేని పాలిథిలిన్ పొర తెచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, "100 శాతం రీసైకిల్డ్" జాకెట్ మీద పీఫాస్ పూత ఉండొచ్చు. చాలా ఏళ్ళు ఉంది కూడా. ట్యాగ్ మీద "పీఎఫ్‌సీ ఫ్రీ" (పీఎఫ్‌సీ ఈ రసాయనాలకి బట్టల కంపెనీలు వాడే పాత పేరు) లేదా "పీఫాస్ లేదు" అని విడిగా రాసుందా అని చూడాలి.

ఇంట్లో ఉన్న పాత జాకెట్ వేసుకోవాలంటే భయమేస్తుందా? టెన్షన్ పడి పారేయకండి. పారేస్తే ఆ పూత చెత్తకుప్పలోకి, అక్కణ్ణుంచి నేలలోకి చేరుతుంది. ఈ రసాయనాలతో అసలు సమస్య తయారయ్యే చోటా, చెత్తగా మారిన చోటా నీళ్ళలో కలవడం.

పీఫాస్ లేని పూత వానని ఆపుతుందా?

వానని ఆపుతుంది. నూనెని ఆపదు. మైనం, సిలికోన్ లాంటి వాటితో చేసే కొత్త పూతల మీద నీటి బొట్టు బాగానే జారుతుంది. కానీ ఒంటి జిడ్డు, సన్‌స్క్రీన్, పొయ్యి పొగ తగిలిన చోట పూత పనిచేయడం మానేస్తుంది. మెడ పట్టీ, మణికట్టు, బ్యాగ్ పట్టీలు ఒరుసుకునే భుజాలు ముందు తడుస్తాయి. కాబట్టి ఈ జాకెట్లని పాతవాటికంటే తరచుగా ఉతకాలి. మామూలు నడకలకి, ట్రెక్కింగ్‌కి ఇవి బాగా సరిపోతాయి. రోజుల తరబడి కుండపోతలో, నూనె మరకల మధ్య పనిచేసేవాళ్ళకి తేడా తెలుస్తుంది.

జాకెట్ కారుతోంది. పాడైపోయిందా?

పది జాకెట్లలో చాలావాటికి జబ్బు లేదు, మురికి ఉంది. జరిగేది ఇది. పై పూత పోయాక బయటి బట్ట నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. కింద పొర ఇంకా నీళ్ళని ఆపుతూనే ఉంటుంది. కానీ తడిసిన బట్ట మూతలా అడ్డుపడటంతో మీ చెమట ఆవిరి బయటికి పోలేక లోపలే నీరవుతుంది. మీరు తడుస్తారు, వాన లోపలికి వచ్చిందనుకుంటారు. తడిపింది మీ చెమటే.

ఒక గ్లాసు నీళ్ళు తీసుకుని భుజం మీద నాలుగు చుక్కలు వేయండి. గుండ్రంగా నిలబడి, వంచితే జారిపోతే పూత బాగుంది. ఒక నిమిషంలో చుక్క పరుచుకుని కింద బట్ట నల్లబడితే పూతకి పని పడింది.

జిప్పులన్నీ మూసి, 30 డిగ్రీల దగ్గర, లిక్విడ్ డిటర్జెంట్ కొంచెమే వేసి ఉతకండి. రెండుసార్లు జాడించండి, సబ్బు మిగిలితే అదే నీళ్ళని పీల్చుకుంటుంది. బట్టల్ని మెత్తబరిచే కండిషనర్ మాత్రం అసలొద్దు. ఆరాక, లోపలి చీటీ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఒక 20 నిమిషాలు తిప్పండి, లేదా పైన పలచటి గుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీ చేయండి. వేడికి పూత పోగులు మళ్ళీ నిటారుగా లేస్తాయి. మళ్ళీ నాలుగు చుక్కలు వేసి చూడండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. అప్పటికీ పీల్చుకుంటే పీఫాస్ లేని వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ కొని పట్టించండి.

లోపలి పొర తెల్లగా పొట్టు రాలుతోంది. ఉతికితే బాగవుతుందా?

అది బాగవదు. నాకూ ఈ అనుభవం ఉంది. బాగా ఖర్చుపెట్టి కొన్న జాకెట్‌ని మడిచి, సంచిలో కుక్కి, మూడేళ్ళు అటక మీద పడేశాను. తీసి విదిలిస్తే ఎండిన చర్మంలా తెల్లటి పొట్టు ఒళ్ళంతా రాలింది. లోపల వేలు పెడితే జిగురుగా అంటుకుంది. కంపెనీకి రాస్తే "సహజమైన అరుగుదల" అని జవాబు. వేసుకున్నది పదిసార్లు లేదు, అరిగిందెక్కడ?

తర్వాత తెలిసిందేంటంటే, జాకెట్ లోపలివైపు వేసే పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్ పూతలు గాలిలోని తేమతో చర్య జరిపి మెల్లగా విడిపోతాయి. చెమట, ఒంటి జిడ్డు, వేడి దాన్ని తొందరపెడతాయి. ఉతక్కుండా, తడిగా, మడిచి దాచడం అంటే ఆ పని దగ్గరుండి చేయించినట్టే. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, హ్యాంగర్‌కి వదులుగా తగిలిస్తే ఆయుష్షు పెరుగుతుంది. రీసైకిల్డ్ బట్ట మీద వేసినా పూత గుణం ఇదే.

డౌన్ జాకెట్ మంచిదా, సింథటిక్ మంచిదా?

పొడి చలికి డౌన్, తడి చలికి సింథటిక్. బాతుల, పెద్దబాతుల (గూస్) ఛాతీ కింది మెత్తటి తూలిక బరువుకి తగ్గ వెచ్చదనంలో ఇప్పటికీ అందరికంటే ముందుంది. బాగా చూసుకుంటే దశాబ్దాలు వస్తుంది. తడిస్తే మాత్రం ముద్దయి కూర్చుంటుంది.

డౌన్‌ని రీసైకిల్ చేయడం, ప్లాస్టిక్‌తో పోలిస్తే, చాలా నిజాయితీ గల వ్యవహారం. పాత దిండ్లు, రజాయిలు విప్పి తూలిక తీసి, ఉతికి, వేడికి శుభ్రపరిచి, ముక్కలైనవాటిని వేరుచేసి మళ్ళీ నింపుతారు. కరిగించడం లేదు, రసాయనాలతో విడగొట్టడం లేదు. కొత్త డౌన్ అయితే రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ ముద్ర చూడండి. బతికున్న పక్షుల నుంచి పీకడం, బలవంతంగా మేపడం అందులో కుదరదు.

రీసైకిల్డ్ ఉన్ని అనేది కొత్త ఆలోచనా?

రెండు వందల ఏళ్ళ నాటిది. 1813లో ఇంగ్లండ్‌లోని బ్యాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డల్ని చీల్చి, కొత్త ఉన్నితో కలిపి మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ బట్టని షాడీ అన్నారు. చౌక సరుకు అనే అర్థంలో ఇంగ్లీషులో ఇప్పుడు వాడే మాట అదే, పాపం. ఇటలీలోని ప్రాటో ఊరు ఇప్పటికీ ఈ పనికి పేరు. అక్కడ పాత స్వెటర్లని రంగులవారీగా ఏరి చీలుస్తారు, దాంతో చాలావరకు కొత్తగా రంగు వేయాల్సిన పనే ఉండదు.

చీల్చినప్పుడు పోగులు పొట్టివవుతాయి కాబట్టి బలం కోసం కొత్త ఉన్నో, నైలానో కలుపుతారు. చీటీలో 70 శాతం రీసైకిల్డ్ ఉన్ని, 30 శాతం నైలాన్ అని ఉంటే మోసమనుకోకండి. ఇక ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చినా ఒంటికి తడి తెలియనివ్వదు, నాలుగు రోజులు వేసినా పెద్దగా కంపు కొట్టదు. అంటే ఉతుకులూ తక్కువే.

ఆర్గానిక్ పత్తి, వెదురు, లయోసెల్ సంగతేంటి?

పత్తి ఆర్గానిక్ అయినా కాకపోయినా చలి కొండల మీద ఒంటికి ఆనుకుని వేసుకోకూడదు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. పొలానికి మంచిదైనది కొండ మీద మంచిది కానక్కర్లేదు. ఎండాకాలపు నడకలకి, మైనం పట్టించిన పై బట్టలకి పత్తి బాగుంటుంది.

"వెదురు బట్ట" అని అమ్మేది చాలావరకు విస్కోసే, అంటే ఒక రకం రేయాన్. వెదురు గుజ్జుని కార్బన్ డైసల్ఫైడ్ లాంటి రసాయనాలతో కరిగించి దారం తీస్తారు. అమెరికాలో దాన్ని "వెదురు నుంచి చేసిన రేయాన్" అని రాయాలని నిబంధన ఉంది. లయోసెల్ కూడా చెక్క గుజ్జుదే, కానీ అందులో వాడిన ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి మళ్ళీ వాడతారు. రెండింట్లో ఏదంటే లయోసెల్.

మట్టిలో కలిసిపోయే పాలిస్టర్ అంటున్నారు. కొనొచ్చా?

ఏ పరిస్థితుల్లో, ఎన్నాళ్ళకి కలుస్తుందో రాసుంటే చదవండి. రాయకపోతే వదిలేయండి.

ధర ఎందుకు ఎక్కువ? చెత్తతో చేసినదేగా?

చెత్త చౌకే. దాన్ని ఏరడం, కడగడం, రంగులవారీగా విడదీయడం, ప్రతి దశలోనూ కాగితాలు, తనిఖీలు చౌక కాదు. కొత్త పాలిస్టర్ ధర ముడి చమురుతో పాటు దిగుతుంది, ఏరే మనిషి కూలి అలా దిగదు. దానికితోడు, ఆకుపచ్చ ట్యాగ్ ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే కొనుగోలుదారు ఉన్నాడని కంపెనీలకి తెలుసు. మీరు ఇచ్చే అదనపు డబ్బులో ఎంత సరుకుకి, ఎంత ఆ ట్యాగ్‌కి అనేది కుట్టు చూసి అంచనా వేయండి. వస్తువు లోపల తిప్పితే దారాలు వేలాడుతున్నాయంటే అది ట్యాగ్‌కే.

నా పాత జాకెట్ బాగానే ఉంది. రీసైకిల్డ్‌ది కొని దీన్ని ఎవరికైనా ఇచ్చేయనా?

వద్దు. ఉన్నదాన్నే వేసుకోండి. దాన్ని చేయడానికి పెట్టిన ఖర్చు, పొగ, నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు మీరు ఎన్ని ఏళ్ళు ఎక్కువ వేసుకుంటే ఏడాదికి పడే భారం అంత తగ్గుతుంది. రీసైకిల్డ్‌దైనా సరే, కొత్తది చేయాలంటే మళ్ళీ మొదటినుంచి ఖర్చే. 2011 నవంబర్ 25న, అమెరికాలో అందరూ ఎగబడి కొనే బ్లాక్ ఫ్రైడే రోజున, పటగోనియా న్యూయార్క్ టైమ్స్‌లో తన జాకెట్ బొమ్మే వేసి "ఈ జాకెట్ కొనకండి" అని ప్రకటన ఇచ్చింది. వ్యాపార ఎత్తుగడ అని తిట్టినవాళ్ళు ఉన్నారు. ఎత్తుగడైనా అందులో చెప్పిన లెక్క సరైనదే.

జిప్పు పోయింది. ఎవరూ బాగుచేయనంటున్నారు.

మొత్తం జిప్పు మార్చమని అడిగితే ఎవరైనా వెనకాడతారు, వాన జాకెట్‌కి అది పెద్ద పని. చాలాసార్లు పాడయ్యేది పళ్ళు కాదు, రన్నర్. అది పైకి లాగుతుంటే వెనక పళ్ళు విడిపోతున్నాయంటే దాని నోరు అరిగి వదులైందని అర్థం. ముందు రన్నర్ రెండు పక్కల్నీ పటకారుతో ఒక్క పిసరు నొక్కి చూడండి. గట్టిగా నొక్కితే విరుగుతుంది, జాగ్రత్త. కుదరకపోతే పాత రన్నర్ వెనక ఒక అంకె ఉంటుంది, 3, 5, 8 ఇలా. అదే అంకె, అదే రకం రన్నర్ తెచ్చి వేయించండి. దర్జీకి పది నిమిషాల పని.

చిన్న చిరుగులకి సూది వాడకండి, ప్రతి సూది బెజ్జం నీళ్ళకి దారి. అతికించే నైలాన్ టేపుని గుండ్రంగా కత్తిరించి వేయండి. మూలలుంటే అక్కడినుంచే లేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చూడాలి?

ముందు వాసన. పుల్లటి, వాంతి లాంటి వాసన వస్తే లోపలి పాలియూరిథేన్ కుళ్ళడం మొదలైంది, ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత జాకెట్‌ని తిరగేసి వెలుతురుకి పట్టి కుట్ల మీది టేపు చూడండి, ముఖ్యంగా చంకల దగ్గర, టోపీ చుట్టూ. అంచులు లేచుంటే అక్కడ నీళ్ళు వస్తాయి. కొద్దిగా అయితే అతికించుకోవచ్చు. భుజాల మీద బ్యాగ్ పట్టీలు ఒరిసిన చోట బట్ట పలచబడిందేమో వేళ్ళ మధ్య నలిపి చూడండి. జిప్పుని రెండుసార్లు పూర్తిగా వేసి తీయండి. ఇక వీలైతే ఆ నాలుగు చుక్కల నీళ్ళూ. చుక్కలు పీల్చుకున్నా వెనక్కి తగ్గకండి, బేరమాడటానికి పనికొస్తుంది. పూత ఇంట్లో వేసుకోవచ్చు.